చిన్న జార్లే మేలు: అనరోబ్ కల్చర్‌కు గ్యాస్ సాచెట్, మూడు డిస్కులు, ఒక కిట్

రెండున్నర లీటర్ల అనరోబిక్ జార్, దానిలోని ఆక్సిజన్‌ను తీసేయడానికి వేసే అనరోజెన్ సాచెట్, గ్రూపు తేల్చే మూడు స్పెషల్ పొటెన్సీ డిస్కులు (నిర్ణీత మోతాదు యాంటీబయాటిక్ అద్దిన కాగితపు బిళ్లలు), జాతి పేరు కోసం ర్యాపిడ్ ఏఎన్ఏ టూ కిట్. గ్లవ్ చాంబర్ (ఆక్సిజన్ లేకుండా మూసి, గ్లవ్స్ ద్వారా లోపల పనిచేసే పెట్టె) లేని మైక్రోబయాలజీ ల్యాబ్ అనరోబ్‌లను, అంటే ఆక్సిజన్ లేనిచోట పెరిగే బ్యాక్టీరియాను, పెంచి గుర్తించాలనుకుంటే సాధారణంగా సమకూర్చుకునే సామాను ఇదే. ముందే చెప్పేస్తే, జార్‌కు, సాచెట్‌కు మంచి మార్కులు పడతాయి. డిస్కులకు అంతకన్నా ఎక్కువ. కిట్‌కు సగమే. ఇక ఆర్డర్ పెట్టేటప్పుడు పెద్ద జార్ ఒకటి కాకుండా చిన్నవి కనీసం మూడు తీసుకోండి.

చిన్నవే ఎందుకంటే, అనరోబ్ కల్చర్ చెడేది ఎక్కువగా మూత తీసే దగ్గరే. చురుగ్గా విభజన చెందుతున్న దశలోనే ఈ జీవులు ఆక్సిజన్‌కు త్వరగా లొంగిపోతాయి. అందుకే మొదటి 48 గంటలు జార్ తెరవకూడదని నియమం. ఒకే పెద్ద జార్ ఉన్నచోట ఈ నియమం నిలవదు. నిన్నటి ప్లేట్లు లోపల ఉండగానే ఇవాళ్టివి పెట్టడానికి మూత తీస్తారు, రేపు ఇంకెవరో తీస్తారు. ప్రతిసారీ పోర్ఫిరోమోనాస్, ఫ్యూసోబ్యాక్టీరియం, కొన్ని కోకైలు (గుండ్రటి బ్యాక్టీరియా) పెరుగుదల మొదట్లోనే చచ్చిపోతాయి. బ్యాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్, క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ గాలిని కాస్త ఓర్చుకుంటాయి కాబట్టి అవి మాత్రం మిగులుతాయి. దాంతో "మా శాంపిళ్లలో ఫ్రాజిలిస్ తప్ప ఇంకేమీ రాదు" అనే నమ్మకం ఆ ల్యాబ్‌లో స్థిరపడిపోతుంది. రానివ్వనిది జార్ అని ఎవరికీ తట్టదు. రోజుకొక చిన్న జార్, దాని మీద మూసిన తేదీ, సమయం, తెరవాల్సిన సమయం రాసిన టేపు ఉంటే ఈ గొడవే ఉండదు.

రెండున్నర లీటర్ల జార్‌లో 90 మి.మీ. ప్లేట్లు పది పన్నెండు పడతాయి. పాలీకార్బొనేట్ గోడ పారదర్శకంగా ఉంటుంది కాబట్టి ఇండికేటర్ రంగు బయటినుంచే తెలుస్తుంది. బలహీనత మూత దగ్గర ఉంటుంది. రబ్బరు రింగు ఎండి చిట్లినా, గాడిలో అగార్ (ప్లేటులోని పోషక జెల్లీ) ముక్కో వెంట్రుకో ఇరుక్కున్నా, క్లాంపు స్క్రూ ఒక పక్కకు ఒరిగినా గాలి నెమ్మదిగా లోపలికి చేరుతుంది. వాడిన ప్రతిసారీ రింగును తీసి తుడవాలి. సిలికాన్ గ్రీజు పలుచటి పూత చాలు, దట్టంగా పూస్తే దుమ్ము అంటుకుని కొత్త సమస్య అవుతుంది. పాలీకార్బొనేట్‌ను ఆల్కహాల్‌తో పదేపదే తుడిస్తే సన్నటి పగుళ్లు వస్తాయి, తేలికపాటి సబ్బు నీళ్లే మంచిది.

సాచెట్ విషయానికొస్తే, పాత తరం వాటిలో సోడియం బోరోహైడ్రైడ్, బైకార్బొనేట్, సిట్రిక్ ఆమ్లం ఉంటాయి. 10 మి.లీ. నీళ్లు పోస్తే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వెలువడతాయి. మూత లోపల ఉన్న పల్లాడియం గుళికల మీద హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరవుతాయి. మెకింటోష్, ఫిల్డ్స్ 1916లో వర్ణించిన జార్ సూత్రం కూడా ఉత్ప్రేరకమే, 1966లో బ్రూవర్, ఆల్గియర్ దాన్ని పారేసే కవరు రూపంలోకి తెచ్చారు. పద్ధతి మంచిదే కానీ పల్లాడియాన్ని చూసుకోవడం ఒక పని. తేమతో, బ్యాక్టీరియా విడిచే హైడ్రోజన్ సల్ఫైడ్‌తో గుళికలు మొద్దుబారతాయి. ప్రతి వాడకం తర్వాత 160 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు గంటలు పొడి ఓవెన్‌లో వేడిచేయాలి. ఇది మానేసిన ల్యాబ్‌లో జార్ మూసిన అరగంటకు గోడ మీద తేమ పట్టదు, మూత వెచ్చబడదు, అయినా ఎవరూ గమనించకపోతే 48 గంటలు వృథా.

అనరోజెన్ రకంలో ఆస్కార్బిక్ ఆమ్లం ఆక్సిజన్‌ను పీల్చుకుని కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. నీళ్లు అక్కర్లేదు, ఉత్ప్రేరకం అక్కర్లేదు, హైడ్రోజన్ పుట్టదు కాబట్టి పేలుడు భయమూ లేదు. తయారీదారు చెప్పే ప్రకారం అరగంటలో ఆక్సిజన్ ఒక శాతం కిందికి పడిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ 9 నుంచి 13 శాతం ఉంటుంది. అదనపు కార్బన్ డయాక్సైడ్ చాలా అనరోబ్‌లకు అవసరం కూడా. వాడకంలో షరతు ఒక్కటే: కవరు చించిన నిమిషంలోపు సాచెట్ లోపల ఉండి మూత బిగిసి ఉండాలి. అంటే ముందు ప్లేట్లు, ఇండికేటర్ పెట్టి, రింగు చూసుకుని, క్లాంపు పక్కన ఉంచుకుని ఆఖరున కవరు చించాలి. గాలి తగిలిన వెంటనే అది వేడెక్కడం మొదలవుతుంది, ఆ వేడి బయటి గాలి మీద ఖర్చయిందంటే లోపలి గాలికి శక్తి తగ్గినట్టే. జార్ పరిమాణానికి సరిపోయే సాచెట్ తప్పనిసరి. మూడున్నర లీటర్ల జార్‌లో రెండున్నర లీటర్ల సాచెట్ వేసి, ప్లేట్లు ఎక్కువ పెట్టాం కాబట్టి గాలి తక్కువేగా అని లెక్కలు వేయకూడదు. బయటికి తీసిన సాచెట్ కొంతసేపు మళ్లీ వేడెక్కవచ్చు, చల్లబడ్డాకే చెత్తలో వేయాలి. ఇంకొకటి: ఈ రకంలో గోడ మీద తేమను పని జరుగుతున్న గుర్తుగా తీసుకోకూడదు. బోరోహైడ్రైడ్ అలవాటున్నవాళ్లు ఇక్కడ పొరబడుతుంటారు. గుర్తు ఇండికేటర్ మాత్రమే.

ఇండికేటర్ స్ట్రిప్ విడిగా కొనాలి, సాచెట్‌తో వస్తుందనుకోవద్దు. రెసాజురిన్ గాలిలో గులాబీ రంగులో ఉండి, ఆక్సిజన్ పోయాక తెల్లబడుతుంది. మిథిలీన్ బ్లూ నీలం నుంచి రంగు కోల్పోతుంది. రెడాక్స్ పొటెన్షియల్ (ఆక్సిజన్ పోయేకొద్దీ తగ్గే విద్యుత్ కొలత) పరంగా మిథిలీన్ బ్లూ సుమారు +11 మిల్లీవోల్టుల దగ్గర, రెసాజురిన్ సుమారు −51 దగ్గర మారతాయి కాబట్టి రెసాజురిన్ కాస్త కఠినమైన పరీక్ష. రంగు పోవడానికి కొన్ని గంటలు పడుతుంది, అరగంటకే చూసి కంగారు పడక్కర్లేదు. జార్‌లో పెట్టకముందే తెల్లగా ఉన్న స్ట్రిప్ పనికిరాదు, అది ఎప్పటికీ "అంతా బాగుంది" అనే చెబుతుంది.

స్ట్రిప్‌తో పాటు జీవ నియంత్రణ (జార్‌ను పరీక్షించడానికి లోపల పెట్టే తెలిసిన బ్యాక్టీరియా) కూడా కావాలి. ఇక్కడ చాలా ల్యాబ్‌లు సి. పర్‌ఫ్రింజెన్స్ పెరిగింది కాబట్టి జార్ బాగుందని నిర్ధారించుకుంటాయి. గాలి కొంచెం మిగిలినా పెరిగే జీవిని జార్ నాణ్యతకు సాక్షిగా పెడితే ఏం లాభం? ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్ ఏటీసీసీ (అమెరికాలోని కల్చర్ల భాండాగారం) 25586 లాంటి సున్నితమైన స్ట్రెయిన్ పెరిగితే అప్పుడు నమ్మవచ్చు. వ్యతిరేక నియంత్రణగా సూడోమోనాస్ ఎరుజినోసా పెడతారు, అది పెరగకూడదు. అయితే నైట్రేట్ ఉన్న మాధ్యమంలో అది ఆక్సిజన్ లేకుండానే శ్వాసిస్తుంది, ఆర్జినీన్ ఉన్నా కొంత నెట్టుకొస్తుంది. కాబట్టి పలుచటి పెరుగుదల కనిపించగానే జార్‌ను నిందించకుండా, ఏ ప్లేటు మీద వేశారో ముందు చూడాలి.

ఎంత మంచి జార్ అయినా పాత ప్లేట్లను బాగుచేయలేదు. గాలిలో, వెలుతురులో నిల్వ ఉన్న అగార్‌లో పెరాక్సైడ్లు చేరతాయి. ప్లేట్లను వాడే ముందురోజు ఖాళీ జార్‌లో సాచెట్‌తో పెట్టి ప్రీ రెడ్యూస్ చేసుకుంటే, అంటే వాటిలోని ఆక్సిజన్‌ను ముందే పోగొడితే, తేడా మొదటి వారంలోనే తెలుస్తుంది. ప్రధాన ప్లేటు బ్రుసెల్లా బ్లడ్ అగార్, హెమిన్ మి.లీ.కు 5 మైక్రోగ్రాములు, విటమిన్ కె1 మి.లీ.కు 1 మైక్రోగ్రాము కలిపి. ఈ రెండూ లేకపోతే రంగు పుట్టించే ప్రివొటెల్లా, పోర్ఫిరోమోనాస్ సరిగా రావు. దానికి తోడుగా, కొన్ని జీవులనే ఎంచి పెరగనిచ్చే బీబీఈ (బ్యాక్టీరాయిడిస్ బైల్ ఎస్కులిన్), ఎల్‌కేవీ (లేక్డ్ బ్లడ్, కెనమైసిన్, వాంకోమైసిన్), పీఈఏ (ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్) ప్లేట్లు. బీబీఈలో జెంటమైసిన్, పైత్యరసం కలిసి ఫ్రాజిలిస్ గ్రూపును వదిలి మిగతావాటిని చాలావరకు అణచేస్తాయి. మిల్లీమీటరు దాటిన కాలనీ, చుట్టూ నల్లబారిన అగార్ ఉంటే గ్రూపు దాదాపు తేలినట్టే. అదే ప్లేటు మీద ఎంటరోకాకస్ చిన్నచిన్న కాలనీలుగా రావచ్చు, వాటిని నమ్మకండి. నాలుగైదు రోజులకు నల్లటి మధ్యభాగంతో చేప కంటిలా కనిపించే కాలనీ వస్తే బైలోఫిలా కావచ్చు. 48 గంటలకే బీబీఈ ప్లేటు పారేసే చోట అది ఎప్పటికీ దొరకదు. ఎల్‌కేవీలో వాంకోమైసిన్ ఉంటుంది కాబట్టి పోర్ఫిరోమోనాస్ అక్కడ పెరగదు, ఆ ప్లేటు ఖాళీగా ఉందని రంగు పుట్టించే అనరోబ్‌లు లేవని రాసేయకూడదు.

శాంపిల్ గురించి ఒక్క మాటే. సిరంజితో లాగిన చీము, కణజాలపు ముక్క పనికొస్తాయి. ఎండిన స్వాబ్, ఫ్రిజ్‌లో పెట్టిన శాంపిల్ వస్తే ఈ సామాను ఏదీ సాయం చేయలేదు. ఇనాక్యులేట్ చేసిన ప్లేట్లు కూడా బల్ల మీద అరగంటకు మించి ఎదురుచూడకూడదు.

జార్ తెరిచాక చేయాల్సిన మొదటి పని ఏరోటాలరెన్స్, అంటే ఆ కాలనీ గాలిలో కూడా పెరుగుతుందేమో చూడటం. దీన్ని దాటవేసి నేరుగా కిట్‌లోకి వెళ్లిన ల్యాబ్‌లే అసలు లేని అనరోబ్‌లను రిపోర్టు చేస్తాయి. జార్‌లో పెరిగిందంతా అనరోబ్ కాదు, అక్కడ ఇ. కోలై, స్టెఫైలోకాకస్ హాయిగా పెరుగుతాయి. వేరువేరుగా కనిపించే ప్రతి కాలనీ రకాన్నీ మూడు చోట్ల వేయాలి: అనరోబిక్ బ్లడ్ అగార్ ఒకటి, మామూలు గాలిలో బ్లడ్ అగార్ ఒకటి, 5 నుంచి 10 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో చాక్లెట్ అగార్ ఒకటి. మూడోదాన్ని అనవసరం అనుకుంటారు. కానీ ఎయికెనెల్లా, అగ్రిగేటిబ్యాక్టర్, హీమోఫిలస్ మామూలు బ్లడ్ అగార్ మీద రాకపోయి అనరోబ్ వేషంలో కనిపించేది అక్కడే బయటపడుతుంది. ప్రాథమిక ప్లేటు మీద 5 మైక్రోగ్రాముల మెట్రోనిడాజోల్ డిస్క్ ఒకటి వేస్తే మిశ్రమంలో అనరోబ్ ఉందా అన్నది తొందరగా అనుమానించవచ్చు, చుట్టూ జోన్ (పెరుగుదల లేని వలయం) వచ్చిన చోట వెతకండి. క్యూటిబ్యాక్టీరియం, ఆక్టినోమైసిస్ మాత్రం దానికి లొంగవు. వాటిని పట్టాలంటే ప్లేట్లను వారం నుంచి పది రోజులు ఉంచాలి, దానికీ ఒక జార్ విడిగా కావాలి.

ఇక డిస్కులు. ఈ మొత్తం సామానులో పెట్టిన శ్రమకు ఎక్కువ ఫలితం ఇచ్చేవి ఇవే. వాంకోమైసిన్ 5, కెనమైసిన్ 1000, కొలిస్టిన్ 10 మైక్రోగ్రాములు. శుద్ధమైన కాలనీని బ్రుసెల్లా బ్లడ్ అగార్ మొదటి భాగంలో దట్టంగా పరిచి, మూడింటినీ దూరదూరంగా పెట్టి, 48 గంటలు జార్‌లో ఉంచాలి. జోన్ 10 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువైతే సున్నితం. ఫ్రాజిలిస్ గ్రూపు మూడింటికీ లొంగదు. ఫ్యూసోబ్యాక్టీరియం వాంకోమైసిన్‌కు లొంగదు, మిగతా రెండింటికీ లొంగుతుంది. ప్రివొటెల్లా వాంకోమైసిన్, కెనమైసిన్‌లకు లొంగదు, కొలిస్టిన్‌కు ఒక్కో జాతి ఒక్కో తీరు. పోర్ఫిరోమోనాస్ గ్రామ్ నెగటివ్ (గ్రామ్ స్టెయిన్‌లో ఎర్రగా కనిపించే రకం) అయినా వాంకోమైసిన్‌కు లొంగుతుంది, మిగతా రెండింటికీ లొంగదు. గ్రామ్ పాజిటివ్‌లు సాధారణంగా వాంకోమైసిన్‌కు లొంగి కొలిస్టిన్‌కు లొంగవు. కొన్ని లాక్టోబాసిలస్‌లు ఈ లెక్కను తప్పిస్తాయి.

వాంకోమైసిన్ డిస్క్ విలువ గ్రామ్ స్టెయిన్ మోసం చేసినప్పుడు తెలుస్తుంది. క్లాస్ట్రిడియం రామోసమ్, క్లాస్ట్రిడియోఫార్మె లాంటివి స్లైడ్ మీద ఎర్రగా, గ్రామ్ నెగటివ్ కడ్డీల్లా కనిపిస్తాయి, స్పోర్లూ సులువుగా కనబడవు. స్లైడ్‌ను మాత్రమే నమ్మితే ఇవి ఫ్యూసోబ్యాక్టీరియం అయిపోతాయి. వాంకోమైసిన్ చుట్టూ పెద్ద జోన్ వచ్చిందంటే దారి మార్చుకోవాలి: నల్లటి రంగు, ఎర్రటి ఫ్లోరెసెన్స్ ఏమైనా ఉందా చూడండి, 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో తీగ సాగుతుందా చూడండి. తీగ సాగకపోతే క్లాస్ట్రిడియం వైపు మొగ్గాలి. గ్రామ్ స్టెయిన్‌లో సాఫ్రనిన్‌ను మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచడం, లేదా దాని బదులు 0.5 శాతం బేసిక్ ఫుక్సిన్ వాడటం కూడా అలవాటు చేసుకోండి. సన్నటి ఫ్యూసోబ్యాక్టీరియం కడ్డీలు సాఫ్రనిన్‌తో అర నిమిషంలో సరిగా కనిపించవు.

డిస్కులతో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం అలమారాలోనే పుడతాయి. మామూలు సున్నితత్వ పరీక్షకు వాడే 30 మైక్రోగ్రాముల కెనమైసిన్, 30 మైక్రోగ్రాముల వాంకోమైసిన్ డిస్కులు పక్కనే ఉంటాయి, ట్యూబు మీద అక్షరాలు దాదాపు ఒకేలా ఉంటాయి. 1000కు బదులు 30 పడితే ఫ్యూసోబ్యాక్టీరియం కాస్తా ప్రివొటెల్లాలా కనిపించవచ్చు. వీటిని వేరే డబ్బాలో, వేరే రంగు స్టిక్కరుతో ఉంచండి. ఫ్రీజర్ నుంచి తీసిన ట్యూబును గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా తెరవకూడదు, తేమ పట్టిన డిస్కు జోన్ కుంచించుకుపోతుంది. ఇంకా ముఖ్యం, ఈ జోన్లు గుర్తింపు కోసమే తప్ప చికిత్స కోసం కావు. రోగి రిపోర్టులో వీటిని ఎక్కించకూడదు.

అదే ప్లేటు మీద ఖాళీ చోట నైట్రేట్ డిస్క్, కోకై అనుమానం ఉంటే ఎస్‌పీఎస్ (సోడియం పాలీఅనెథాల్ సల్ఫొనేట్) డిస్క్ కూడా పెట్టేయొచ్చు. ఎస్‌పీఎస్ చుట్టూ 12 మి.మీ. లేదా అంతకు మించిన జోన్ ఉంటే పెప్టోస్ట్రెప్టోకాకస్ అనరోబియస్ అని ఊహించవచ్చు. నైట్రేట్‌కు రెండు రీఏజెంట్లూ వేశాక ఎరుపు రాకపోతే అక్కడితో ఆగకుండా జింకు పొడి వేయాలి. జింకు వేశాక ఎర్రబడితే నైట్రేట్ అలాగే ఉందని, అంటే ఫలితం నెగటివ్ అని. ఎర్రబడకపోతే జీవి దాన్ని నైట్రైట్ దాటి ఇంకా ముందుకు తీసుకెళ్లిందని, ఫలితం పాజిటివ్. స్పాట్ ఇండోల్‌కు 1 శాతం పారాడైమిథైల్ అమినో సిన్నమాల్డిహైడ్ తడిపిన ఫిల్టర్ కాగితం మీద కాలనీని రుద్దితే నీలి ఆకుపచ్చ రావాలి. మిశ్రమ ప్లేటు నుంచి ఇండోల్ చేయొద్దు, పక్క కాలనీ ఇండోల్ అగార్‌లో పాకి మీ కాలనీకి పేరు తెస్తుంది. కాటలేజ్‌కు 15 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, అదీ ప్లేటును అరగంట గాలిలో ఉంచాకే. ఈ రెండింటితోనే ఫ్రాజిలిస్ గ్రూపులో చాలా దూరం పోవచ్చు: బి. ఫ్రాజిలిస్ కాటలేజ్ పాజిటివ్, ఇండోల్ నెగటివ్, బి. థీటాయోటావోమైక్రాన్ రెండూ పాజిటివ్. 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం ఒకటి ఉంటే నల్లబడకముందే ప్రివొటెల్లాలో ఇటుక ఎరుపు కనిపిస్తుంది. వెయిలొనెల్లా ఎరుపు గాలి తగిలిన కొద్ది నిమిషాల్లో మాయమవుతుంది, జార్ తీసిన వెంటనే చూడాలి. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అసలు మెరవదు.

కిట్ దగ్గరకు వస్తే ఉత్సాహం తగ్గుతుంది. ర్యాపిడ్ ఏఎన్ఏ టూ ముందే తయారై ఉన్న ఎంజైములను కొలుస్తుంది కాబట్టి మామూలు ఇంక్యుబేటర్‌లో నాలుగు గంటల్లో అయిపోతుంది, 10 గుంటల్లో 18 పరీక్షలు. జార్ అక్కర్లేకపోవడం పెద్ద సుఖం. ఏపీఐ 20ఏ అనే ఇంకో కిట్ చక్కెరల కిణ్వనం చూస్తుంది, దానికి 24 నుంచి 48 గంటలు మళ్లీ జార్ కావాలి. ర్యాపిడ్‌కు పెట్టే ద్రావణం కనీసం మెక్‌ఫార్లాండ్ (ద్రావణం మసకను కొలిచే స్కేలు) 3 చిక్కదనం ఉండాలి, అంటే ప్లేటు నిండా పెరుగుదల కావాలి. నెమ్మదిగా పెరిగే కోకైతో అంత సమకూర్చడానికే రెండు ప్లేట్లు ఖర్చవుతాయి. సరిపోక పలుచగా వేస్తే బలహీనమైన చర్యలన్నీ నెగటివ్‌గా పడి, కోడ్ పుస్తకం (పరీక్షల ఫలితాలను జీవి పేరుగా మార్చే పట్టిక) ఇంకో జీవి పేరు చెబుతుంది. గ్లూకోజ్ కలిపిన మాధ్యమం నుంచి తీసినా, మూడు రోజులు దాటిన పెరుగుదల తీసినా ఇదే జరుగుతుంది. ఫ్రాజిలిస్ గ్రూపు, సి. పర్‌ఫ్రింజెన్స్ లాంటి చురుకైన జీవులకు కిట్ బాగా పనిచేస్తుంది. ఫ్యూసోబ్యాక్టీరియం, గ్రామ్ పాజిటివ్ కోకై, ఆక్టినోమైసిస్ దగ్గర తడబడుతుంది, ఎందుకంటే అవి ఇచ్చే పాజిటివ్‌లే తక్కువ. తమాషా ఏమిటంటే, కిట్ బాగా గుర్తించే జీవులను డిస్కులు, ఇండోల్, బీబీఈ కలిసి ముందే చాలావరకు తేల్చేస్తాయి. నిజంగా సాయం కావలసిన చోట కిట్ చేతులెత్తేస్తుంది.

పేర్ల తలనొప్పి వేరే. కోడ్ పుస్తకం పాతదైతే ప్రొపియోనిబ్యాక్టీరియం యాక్నెస్ అంటుంది, 2016 నుంచి అది క్యూటిబ్యాక్టీరియం. బ్యాక్టీరాయిడిస్ డిస్టాసోనిస్ 2006లో పారాబ్యాక్టీరాయిడిస్ అయింది, పెప్టోస్ట్రెప్టోకాకస్ మాగ్నస్ 1999లోనే ఫైన్‌గోల్డియా మాగ్నా అయిపోయింది. రిపోర్టులో కొత్త పేరు రాసి పక్కన పాత పేరు కూడా ఇస్తే వైద్యులకు తికమక ఉండదు.

మాల్డి టాఫ్ (ప్రొటీన్ల ద్రవ్యరాశిని బట్టి జీవిని గుర్తించే మెషీన్) అందుబాటులో ఉన్న ల్యాబ్ కిట్ కొనక్కర్లేదు. కాలనీని పూసి 70 శాతం ఫార్మిక్ ఆమ్లం ఒక మైక్రోలీటరు, ఆరాక మ్యాట్రిక్స్ ఒక మైక్రోలీటరు వేస్తే నిమిషాల్లో జాతి పేరు వస్తుంది. స్పోర్లు నిండిన ముదురు క్లాస్ట్రిడియం కాలనీలతో స్కోరు పడిపోతుంది, తాజా కాలనీ పెట్టండి. మెషీన్ ఉన్నా జార్, ఏరోటాలరెన్స్, శుద్ధమైన కాలనీ తప్పవు. కొత్త మెషీన్ వచ్చిందని డిస్కులు మానేయడం కూడా తొందరపాటే, స్కోరు తక్కువ వచ్చిన రోజున దారి చూపేవి అవే.

రోజుకు ముప్పై నలభై అనరోబ్ ప్లేట్లు తిరిగే చోట జార్లు చాలవు, చాంబర్ గానీ గాలి తీసి గ్యాస్ నింపే యంత్రం గానీ చూసుకోవాలి. అంతకంటే తక్కువైతే ఆర్డర్‌లో ఇవి రాయండి: రెండున్నర లీటర్ల జార్లు మూడు, ప్రతిదానికీ అదనపు రబ్బరు రింగు ఒకటి, అదే పరిమాణపు సాచెట్లు, రెసాజురిన్ స్ట్రిప్పులు, పైన చెప్పిన పొటెన్సీలను అంకెలతో సహా పేర్కొన్న డిస్కులు. సరుకు రాగానే సాచెట్ కవర్లలో చిల్లులు పడి గట్టిబడినవి ఉన్నాయేమో తడిమి చూడండి, గడువు తేదీ చూడండి. ఖాళీ జార్‌లో సాచెట్, స్ట్రిప్ పెట్టి ఒక రాత్రి మూసి ఉంచండి. తెల్లారి స్ట్రిప్ గులాబీ రంగులోనే ఉంటే రింగు, క్లాంపు సరిచూసి ఇంకో సాచెట్‌తో మళ్లీ మూయండి. అప్పుడూ మారకపోతే ఆ జార్‌ను వెనక్కి పంపేయండి.